ఒక్క దూకు మిగిలిన రాజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వయసు మీదపడి ఇప్పుడు కాస్త దిగింది గానీ, దుబాయ్‌లో నర్సుగా చేసిన రోజుల్లో నా నోటికి జడవని పేషెంటు లేడు. మందు మింగనని మొరాయించే మొనగాళ్లు కూడా నా చెప్పుల చప్పుడు వినగానే గ్లాసు అందుకునేవాళ్లు. అలాంటి నా నోరు మూయించిన మనిషి ఒకే ఒక్కడు. రెండు కళ్లకూ కట్లతో, తలకు అటూ ఇటూ ఇసుక సంచులతో, మంచం మీద వెల్లకిలా పడుకుని ఆ పని చేశాడు.

ఆయన హంగరీ దేశస్థుడు. యాభై దాటిన మనిషి, పొడుగ్గా ఎండిన కట్టెలా ఉండేవాడు. నీళ్ల పంపులు బిగించే ఇంజనీరుగా ఎడారికి వచ్చాడు. అప్పట్లో దుబాయ్‌లో ఎటు చూసినా తవ్వకాలే, ఎటు విన్నా యంత్రాల మోతే. ఏం పని చేస్తారండీ అని అడిగితే పంపుల మాట ఆఖర్న చెప్పేవాడు. "చదరంగం సమస్యలు కూరుస్తాను" అన్నది ఆయన మొదటి జవాబు. అడ్మిషన్ కాగితంలో వృత్తి అన్నచోట అదే రాయమని పట్టుబట్టాడు. నేను రాయలేదు. ఇంజనీరు అని రాసి, "ఇది ఆసుపత్రి సార్, ఆటస్థలం కాదు" అన్నాను.

ఆయనకు ఎడమకన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన కుడికన్నులో లోపలి పొర ఊడిపోయింది. ఈజిప్టు నుంచి వచ్చిన మా కళ్ల డాక్టరు ఆపరేషన్ చేసి, పొరను అతికించి, నన్ను బయటికి పిలిచి చెప్పాడు. "సిస్టర్, ఇప్పుడు కన్ను నా చేతిలో లేదు. నీ చేతిలో ఉంది. కొన్ని వారాలు తల కదలకూడదు. దగ్గు, తుమ్ము, కుదుపు, ఏదీ వద్దు. ఈ కన్ను కూడా పోతే ఈయనకు ఇక చీకటే." అప్పటి వైద్యం అది. మంచి కన్నయినా చెడ్డ కన్నయినా రెండూ కట్టేసి, మనిషిని చెక్క దుంగలా పడుకోబెట్టేవాళ్లం. చెంచాతో పాలు పోసేదాన్ని, తడిగుడ్డతో ఒళ్లు తుడిచేదాన్ని, తల ఇంచు కదిలితే ఇంతెత్తున లేచేదాన్ని.

రెండో రోజే గొడవ పెట్టుకున్నాడు. తన సంచిలో చదరంగం బల్ల ఉందట, అది కావాలట. చేత్తో తడుముకుంటూ పక్కకు ఒరగబోయాడు.

"మీకు కన్ను కావాలా, బల్ల కావాలా?" అని అరిచాను.

"రెండూ," అన్నాడు తాపీగా. "కన్ను లేకుండా ఎలా బతకాలో సగం తెలుసు. బల్ల లేకుండా ఎలాగో తెలీదు."

ఒళ్లు మండిపోయింది. కానీ ఆలోచిస్తే నాకే ఒక సంగతి తట్టింది. కాళ్లూ చేతులూ బాగున్న మనిషిని వారాల తరబడి పడుకోబెట్టాలంటే వాడి మనసుకు ఏదో ఒక మేత ఉండాలి. లేకపోతే అది ఒంటిని ఈడుస్తుంది. బల్ల తీసి, పేషెంట్లు అన్నం తినే చక్రాల మేజా ఆయన పొట్ట మీదుగా లాగి, దాని మీద పెట్టాను. "చేతులు మీవి కావు, నావి. మీరు చెప్పండి, నేను పెడతాను. తల కదిలిందా, పావులన్నీ పట్టుకెళ్లి క్రీక్ ఉప్పునీళ్లలో పారేస్తాను," అన్నాను.

ఆయన ఒప్పుకున్నాడు. కానీ తనూ ఒక షరతు పెట్టాడు. "నేను చూడలేను గనుక నువ్వు నా కన్నువి. బోర్డు మీద ఏముందో అదే చెప్పాలి. నాకు నచ్చేది చెప్పకూడదు. జాలిపడి కూడా చెప్పకూడదు." సరేనన్నాను. షరతులంటే నాకూ ఇష్టమే.

నాకు చదరంగం వచ్చని ఆయనకు అప్పుడు తెలీదు. గోదావరి ఒడ్డున మా ఊళ్లో, మిషన్ బడి వెనక ఇంట్లో, మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ తుంటి విరిగి మంచాన పడ్డాక లక్క పూసిన కొయ్య పావులతో ఇంటిల్లిపాదినీ ఓడించేది. పావుల పేర్లు మాత్రం ఆయనకూ నాకూ తేడా. ఏటవాలుగా నడిచే పావు నాకు శకటు, దాన్ని వాళ్ల భాషలో పరుగుగాడు అంటారట. గుర్రం వాళ్లకు గుర్రం కాదు, గుర్రపు రౌతు. రాజు పక్కన ఉండేదాన్ని ఇంగ్లీషువాళ్లు రాణి అంటారు గానీ, వాళ్లకు అది రాణి కాదు, నాయకుడు. "మాకూ రాణి కాదు, మంత్రి" అన్నాను. ఆయన పెదాలు కదిలాయి. మా ఇద్దరి ఇంగ్లీషూ వంకరటింకరదే గానీ, బల్ల దగ్గర ఇద్దరికీ ఇబ్బంది ఉండేది కాదు.

వార్డు తుడిచే అతను కరీంనగర్ పక్క పల్లెటూరివాడు. నాకంటే పెద్దవాడే గానీ నన్ను సిస్టరమ్మా అనేవాడు. తుడుపుకర్ర గోడకానించి చాలాసేపు చూశాడు.

"గిదేం ఆట సిస్టరమ్మా? ఇంకో మనిషే లేడు. ఒక్కడే ఆడుకుంటడా?"

"ఆట కాదయ్యా. సమస్య కూరుస్తున్నాడు."

"అల్లా కసం, గీ మన్సులకు ఉన్న పరేషాన్లు సాలయా? కొత్తయి తయారు జేస్తున్నడా?" అని నవ్వుకుంటూ పోయాడు. సత్వాలో మా ఫ్లాట్‌కు వెళ్లి ఈ మాట చెబితే నా గదిలో ఉండే బందరు అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "అంత తయారుచేసే ఓపికుంటే ఆ మహానుభావుణ్ణి మా అత్తగారింటికి పంపవే. అక్కడ సరుకు బోలెడుంది," అంది.

నిజానికి నాకూ మొదట అది పిచ్చిలాగే ఉండేది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆటలో ఇద్దరు ఒకరినొకరు ఓడించాలని చూస్తారు. సమస్యలో ఓడించడం లేదు. ఒకడు కూర్చొని కొన్ని పావులను బల్ల మీద అమరుస్తాడు. తెల్లవాడు ముందు ఆడి రెండెత్తుల్లో నల్లరాజుకు ఆట కట్టాలి. నల్లవాడు ఏం చేసినా సరే కట్టుబడి తీరాలి. దానికి దారి ఒక్కటే ఉండాలి. రెండో దారి కనబడిందంటే ఆ సమస్య పురుగు పట్టిన వంకాయే, బయట పారేయాల్సిందే. మా బడిలో తెలుగు మేస్టారు అవధానాల గురించి చెప్పినప్పుడు, పద్యంలో ఒక పాదం చిక్కుగా ఇచ్చి మిగతా మూడూ పూరించమంటారని విన్నాను. అది చెప్పాను. "అయితే మీ దేశంలో నన్ను పిచ్చివాడు అనరు," అన్నాడు ఆయన. అంటారు సార్, తప్పకుండా అంటారు అన్నాను.

ఆయన పనితీరు చూస్తే మాత్రం నాకు గౌరవం కలిగింది. సమస్య కుదిరిందని నేను అనుకున్నాక ఆయన పని మొదలయ్యేది.

"ఆ మూల తెల్ల బంటు ఏం చేస్తోంది?"

"నిలబడి ఉంది సార్."

"నిలబడటం పని కాదు. తీసెయ్."

తీసేస్తే ఎక్కడో రెండో దారి తెరుచుకునేది. మళ్లీ పెట్టాలి. లేదా మొత్తం అమరిక ఒక గడి పక్కకు జరపాలి. ఒక్క బంటును తప్పించడానికి మధ్యాహ్నాలకు మధ్యాహ్నాలు గడిచేవి. ఆ బంటును తీసేసినా నిలబడ్డ రోజున ఆయన ముఖంలో వచ్చే తేట చూస్తే, సన్న నరం దొరక్క దొరక్క సూది ఒక్కసారికి దిగినప్పుడు నాకు కలిగే తృప్తి గుర్తొచ్చేది. ఇలా చేసినవి కుర్రతనం నుంచీ వాళ్ల దేశం పత్రికల్లో ఆఖరి పేజీలో, వంటల పక్కన, అరచేయంత బొమ్మగా పడేవట. ఎవరో ఎక్కడో రైల్లో కూర్చుని దాన్ని విప్పుతారు, ఇంటికెళ్లాక మర్చిపోతారు. ఆయనకు అది చాలు.

మొదటి సమస్య ఎక్కడ కూర్చారని ఒకరోజు అడిగాను. చెప్పడేమో అనుకున్నాను. చెప్పాడు.

యుద్ధం ఆఖర్లో వాళ్ల నగరాన్ని ముట్టడించారట. వీధిలోని జనమంతా ఒక భవనం కింద బొగ్గుల నేలమాళిగలో దాక్కున్నారు. ఆయన తండ్రి రైల్వే గేటు కాపలావాడు, అప్పటికే లేడు. తల్లీ, చెల్లెలూ, తనూ. పైన బాంబులు. పిల్లలు ఏడుస్తుంటే పెద్దలు నోళ్లు నొక్కేవాళ్లు. ఆయన ఇటుక ముక్కతో నేల మీద గళ్లు గీసి, తల్లి కోటు గుండీలు కోసి పావులు చేసుకున్నాడు. ఆడటానికి ఎవరికీ ప్రాణం ఒప్పలేదు. అందుకని ఒక్కడే అమర్చుకుంటూ కూర్చున్నాడు. ఒకనాడు ఆ అమరికలో ఒకటే దారి ఉందని, మరో దారి లేదని తేలింది. లోకంలో ఏదీ చెప్పిన మాట మీద నిలబడని సమయంలో ఆ గుండీలు నిలబడ్డాయట. ఆ తర్వాత కొద్ది రోజులకే నేలమాళిగ చిన్న కిటికీ అద్దం పగిలి పెంకు ఎడమకంట్లో దిగింది. తల్లి కోటు గుండీలు లేకుండా ఆ చలికాలం గడిపింది. "అమ్మ ఏమీ అనలేదు. అదే నాకు బాధ," అన్నాడు.  నా నోరు మూతపడింది అప్పుడే.

ఆ మర్నాడు ఆయన నాకొక పరీక్ష పెట్టాడు. తను ఎప్పుడో కూర్చిన చిన్న సమస్యను నా చేత అమర్పించి, "రెండెత్తులు. నువ్వే విప్పు. తొందరేం లేదు," అన్నాడు. మధ్యాహ్నపు వేళ. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, ఏసీ డబ్బా గొంతు నొక్కినట్టు మూలుగుతోంది. మిగతా పేషెంట్లు నిద్రలో ఉన్నారు. నేను చీరకొంగు బదులు యూనిఫాం అంచు నలుపుకుంటూ బల్ల వైపు చూశాను. తెల్లరాజు ఒకచోట ఇరుకులో ఉన్నాడు. చుట్టూ ఉన్న గళ్లన్నీ నల్లవాళ్ల కాపలాలో ఉన్నాయి, పక్కకు అడుగు పెట్టడానికి లేదు. ఆ రాజు వెనక తెల్ల ఏనుగు నోరు తెరుచుకుని నిలబడింది. రాజు అడ్డం తప్పుకుంటే చాలు, ఏనుగు నేరుగా నల్లరాజు మీద పడుతుంది.

నాకు నవ్వొచ్చింది. ఇంత తేలికా!

"అయిపోయింది సార్," అన్నాను గర్వంగా. "మీరు రెండెత్తులన్నారు. నాకు ఒకటే చాలింది."

"ఒకటా?" ఆయన గొంతు మారింది. "ఒక్క ఎత్తులో కట్టు ఉందా? ఇది ఎన్నో ఏళ్ల క్రితం అచ్చయిన సమస్య. ఎవరూ... ఏం ఆడావు?"

"రాజును దూకించాను. గుర్రంలా. ఏనుగు దారి తెరుచుకుంది. ఆట కట్టు."

 ఆయన పొట్ట కదిలింది. నాకు అర్థమయ్యేలోపు మనిషి మొత్తం ఊగిపోతూ నవ్వుతున్నాడు. గొంతులోంచి కాదు, ఎక్కడో అడుగునుంచి తన్నుకొచ్చే నవ్వు. ఇసుక సంచి ఒకటి జారింది. తల పక్కకు ఒరిగింది.

"నవ్వొద్దు! బాబ్బాబు, నవ్వొద్దు సార్!" అంటూ మేజా తోసేసి రెండు చేతులతో ఆయన తలను పట్టుకున్నాను. నా అరచేతుల మధ్య ఆ పుర్రె ఇంకా అదురుతూనే ఉంది. ఆగు, ఆగు అంటూ ప్రభువును పిలిచానో, ఆయన్ని తిట్టానో నాకే తెలీదు. పావులన్నీ నేల మీద దొర్లాయి.

వెంటనే వెళ్లి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన వచ్చి పరీక్షించాడు, పెదవి విరిచాడు. "నవ్వితేనే ఊడిపోయేదైతే నేను అతికించింది అతుకే కాదు సిస్టర్. కానీ కట్లు విప్పేదాకా ఏమీ చెప్పలేను," అని వెళ్లిపోయాడు.  వార్డు మూల గోడవైపు తిరిగి ఏడ్చాను. చప్పుడు కాకుండానే ఏడ్చాననుకున్నాను.

"కట్లు కట్టింది కళ్లకు. చెవులకు కాదు," అన్నాడు ఆయన మంచం మీదనుంచి. "ఇటు రా. ఈ కన్ను పోతే నువ్వు మీ రాజును తిట్టుకుంటావు. జీవితమంతా తిట్టుకుంటావు. అది నాకు ఇష్టం లేదు. కాబట్టి పోదు. ఇప్పుడు చెప్పు, రాజు గుర్రంలా దూకడం ఏ దేశపు చట్టం?"

"మా నాయనమ్మ చట్టం," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

అప్పుడు చెప్పాను. మా ఊళ్లో అందరూ అలాగే ఆడేవాళ్లు. రాజుకు ఆట మొత్తం మీద ఒక్క దూకు ఉంటుంది, గుర్రంలాగే. కానీ అంతవరకూ ఆ రాజుకు ఒక్కసారి కూడా చెక్ పడి ఉండకూడదు. ఒక్కసారి ఎవరైనా బెదిరించారా, ఆ దూకు పోతుంది. తప్పించుకున్నా సరే, ఇక తిరిగి రాదు. మా నాయనమ్మ తన రాజును కోడిపిల్లలా దాచుకుని, అందరూ మర్చిపోయాక ఠక్కున దూకించేది. లోకమంతా ఇలాగే ఆడతారనుకున్నాను నేను. లోకంలో ఆ దూకు లేదని ఆ రోజే తెలిసింది నాకు.

ఆయన వేలితో దుప్పటి మీద గుర్రపు నడక గీసి చూశాడు. 

"ఎవరూ బెదిరించని రాజుకు మాత్రమే," అన్నాడు నెమ్మదిగా. "మీ ఊరివాళ్లు తెలివైనవాళ్లు. నా దూకు ఆ నేలమాళిగలోనే పోయింది సిస్టర్. నీది?"

నేను ఇంటినీ ఇంట్లోవాళ్లనూ వదిలి ఇక్కడికి ఎందుకు వచ్చానో ఆయనకు చెప్పలేదు. ఇక్కడా చెప్పను. "నాదీ పోయింది సార్," అన్నాను అంతే.

ఆ రోజునుంచి ఆయనకు ఒకటే ధ్యాస. మా నాయనమ్మ చట్టం మీద ఒక సమస్య కూర్చాలి. లోకంలో ఏ పత్రికా వెయ్యదు, ఏ పోటీకీ పనికిరాదు. "దీన్ని విప్పగలిగినవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు. ఇక్కడైతే నువ్వొక్కదానివే. కాబట్టి ఇది నీకోసం," అన్నాడు. ఎవరూ నాకోసం ఏదీ తయారుచేసి ఇవ్వలేదు అంతకుముందు. ఆ మాట వినగానే ఏం చేయాలో తోచక, "దుప్పటి సరిగ్గా కప్పుకోండి" అని కసిరాను.

చిక్కు మాత్రం సామాన్యమైంది కాదు. బల్లను చూసినవాడికి ఈ రాజుకు ఇంతవరకూ చెక్ పడలేదని ఎలా తెలుస్తుంది? నోటితో చెప్పడానికి ఆయన ఒప్పుకోడు. "బోర్డే సాక్ష్యం చెప్పాలి," అనేవాడు. అందుకని కదలని తెల్ల బంటుల్ని రాజు ముందు గోడలా నిలబెట్టాడు. ఏ నల్ల పావూ ఆ గోడ దాటి రాజును ఎన్నడూ చూసి ఉండకూడదు. ఏనుగులు ఆగాయి, శకట్లు ఆగాయి, మంత్రి ఆగాడు. గుర్రాలు ఆగలేదు. గోడలు దూకడమే వాటి పని కదా. నల్ల గుర్రం ఎప్పుడో వచ్చి బెదిరించి వెళ్లిపోలేదని రుజువేమిటి? ఆ గుర్రాల దగ్గర ఆయన రోజులకు రోజులు ఇరుక్కుపోయాడు. నేను అన్నం తినిపిస్తుంటే చెంచా మధ్యలో ఆపి, "కాదు, అక్కడినుంచి కూడా రావచ్చు" అనేవాడు. తుడిచే అతను వచ్చి, "గుర్రాలు ఖలాస్ అయినయా సిస్టరమ్మా?" అని రోజూ అడిగేవాడు. ఇంకా లేదయ్యా అనేదాన్ని. "యల్లా, జల్దీ జెయ్యమను. మా ముదీర్ గిన్ని రోజులు టైమియ్యడు," అనేవాడు. ముదీర్ అంటే అక్కడ మేనేజరు.

ఒక విషయం మాత్రం నిజం. ఆ రోజుల్లో ఆయన తల ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం నేను చర్చిలో ఆరాధనకు వెళ్లినప్పుడు ఆ కన్ను కోసం ప్రార్థన చేసేదాన్ని. ప్రార్థన మధ్యలో నల్ల గుర్రాలు జ్ఞాపకం వచ్చేవి.

కట్లు విప్పడానికి ముందురోజు మధ్యాహ్నం గుర్రాల చిక్కు తెగింది. ఎలా తెగిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. నా చేత ఆటను వెనక్కి ఆడించాడు. ఈ పావు ఇక్కడికి ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటుంది, దానికి ముందు ఎక్కడ, అంతకుముందు ఎక్కడ అని అడుగుతూ తీసుకెళ్లాడు. ప్రతి దారిలోనూ అడ్డుపడి వాదించాను. మామూలుగానే నాకు వాదన అంటే సరదా, అందులోనూ షరతు ఉంది కదా. చివరికి దారులన్నీ మూసుకుపోయాయి. ఆ రాజును ఎవరూ ఎన్నడూ బెదిరించలేదు. మామూలు చట్టంలో ఆ అమరికకు జవాబే లేదు. మా నాయనమ్మ దూకు ఒక్కటే దారి.

"ఇప్పుడు ఆడకు," అన్నాడు. "రేపు. నేను చూస్తుండగా దూకించు. కట్లు విప్పాక మొదట చూడాల్సింది అదే. దేన్నీ కదపకు." తర్వాత మళ్లీ పిలిచి, "కట్టు పడ్డాక మీరేమంటారు?" అని అడిగాడు. ఆట కట్టు అంటామని చెప్పాను. ఆట, కట్టు అని రెండుసార్లు వల్లించుకున్నాడు. ట అక్షరం దగ్గర ఆయన నాలుక తడబడింది.

మర్నాడు నాకు మధ్యాహ్నం డ్యూటీ. సత్వా నుంచి ఆసుపత్రి వ్యాను ఎన్నడూ అంత నెమ్మదిగా నడవలేదు. వార్డు గుమ్మం దగ్గర తుడిచే అతను బకెట్‌తో ఎదురయ్యాడు.

"డాక్టర్ సాబ్ పొద్దుగాల్నే వచ్చి పట్టీలిప్పిండు సిస్టరమ్మా. నేను ఇప్పుడే గాయన మంచం సుట్టూత తుడ్సిన."

"ఏమన్నాడు? కన్నొచ్చిందా?"

"నాకేమెర్క? దొర గమ్మున కూసున్నడు. నవ్వుకుంటనే ఉన్నడు."

నవ్వుకుంటున్నాడు అన్న మాట పట్టుకుని పరుగెత్తాను. కేసు షీటు కూడా చూడలేదు. ఆయన దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వారాల తర్వాత ఆయన్ని నిలువుగా చూడటం అదే మొదలు. కళ్లకు నల్లద్దాలు. ముందు చక్రాల మేజా, దాని మీద బల్ల. మంచం దగ్గరికి వెళ్తుంటే నా చెప్పు కింద ఏదో దొర్లింది. వంగి తీశాను. తెల్లరాజు. తుడుపుకర్ర తగిలి మేజా కదిలినట్టుంది, కిందపడి తడిసి ఉన్నాడు. బల్ల వైపు చూశాను. గోడలాంటి బంటుల వెనక రాజుగారి గడి ఖాళీగా ఉంది.

"నీ చెప్పుల చప్పుడు ఎక్కడున్నా గుర్తుపడతాను," అన్నాడు ఆయన హుషారుగా. "కట్టు విప్పగానే నేను మొదట ఏం చూశానో చెప్పనా?"

"చెప్పండి సార్."

"మీ నాయనమ్మ రాజును. ఇప్పుడూ చూస్తున్నాను. ఇదిగో, గోడ వెనక ఎంత దర్జాగా నిలబడ్డాడో చూడు." ఆయన వేలు చూపించాడు. సరిగ్గా ఆ ఖాళీ గడినే చూపించాడు.

నా గుప్పిట్లో రాజు చల్లగా ఉన్నాడు.  మెల్లిగా, చప్పుడు కాకుండా ఆ గడిలో పెట్టేసి, అవును సార్, భలే ఉన్నాడు అనొచ్చు. చెయ్యి సగం దాకా వెళ్లింది కూడా. కానీ ఆయన పెట్టిన షరతు ఉంది. జాలిపడి కూడా చెప్పకూడదన్నాడు. ఇన్ని వారాలు నేను ఆయన కన్నుగా ఉన్నాను, ఆ షరతు మీదే.

"సార్," అన్నాను. "రాజు బోర్డు మీద లేడు. నా చేతిలో ఉన్నాడు."

ఆయన వేలు అలాగే గాల్లో ఆగింది. తర్వాత నెమ్మదిగా దుప్పటి మీదికి దిగింది. నవ్వు మాత్రం ముఖం మీద కాసేపు ఉండిపోయింది, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు.

"పరీక్షించకుండా చూపించాను," అన్నాడు చివరికి. "ఒక్కసారి వేలితో తడిమి ఉంటే సరిపోయేది. సమస్యలు కూర్చేవాడు ఎన్నడూ చేయకూడని పని."

నేను ఏడ్చాను. ఈసారి గోడవైపు తిరగలేదు, చప్పుడూ దాచలేదు. నా కోసం, నేను మా నాయనమ్మ రాజును తిట్టుకోకూడదని, రెండు కళ్లూ లేని మనిషి పొద్దుటినుంచి ఆ నవ్వు పట్టుకుని కూర్చున్నాడు. "అది నీ వల్ల కాదు," అన్నాడు ఆయన. "ఇది బోర్డు మీద ఉన్న మాట. జాలి మాట కాదు." ఆ రోజు నవ్వు వల్లే పొర ఊడిందా అని నేను డాక్టరును ఎన్నడూ అడగలేదు. అడిగే ధైర్యం లేక అడగలేదు.

"ఇటివ్వు," అని అరచెయ్యి చాచాడు. రాజును అందులో పెట్టాను. బొటనవేలితో కిరీటం మీది తడి తుడిచాడు. తర్వాత ఎక్కడా తడుముకోకుండా, ఏ బంటునూ తాకకుండా, నేరుగా తీసుకెళ్లి రాజును తన గడిలో నిలబెట్టాడు. నేను పెట్టి ఉంటే అంత సూటిగా పెట్టగలిగేదాన్ని కాదు.

"ఉన్నాడా?"

"ఉన్నాడు సార్."

"అయితే దూకించు."

ముక్కు తుడుచుకుని, గడి పేరు గట్టిగా చెప్పి, రాజును దూకించాను. నల్లవాడి ఎత్తు ఆయన నోటితో చెప్పాడు, నేను ఆడాను. తర్వాత నా ఏనుగును తీసుకెళ్లి పెట్టాను. కొయ్య మీద కొయ్య తగిలిన చప్పుడు కోసం ఆయన చెవి ఒగ్గి కూర్చున్నాడు. అది వినబడ్డాక, నేను అనాల్సిన మాటను తనే తెలుగులో, ట దగ్గర తడబడుతూ అన్నాడు.

"ఆట కట్టు."